కప్పు మీది పెళ్లిచీర

ఆ కట్టె కొంచెం ఎనక్కి లాగు నాయనా, పొగంతా అవ్వ కళ్లల్లోకి పోతాండాది. పుష్యమాసం చలి, ఎముకల్లోకి దిగుతాది. అందరూ దగ్గరికి జరగండి. పాపా, నువ్వు మాత్రం ఆ కాగితాల చుట్ట పట్టుకోని మంటకు దూరంగా అరుగు మీదనే కూర్చో. ఒక్క నిప్పురవ్వ కూడా దాని మీద పడకూడదు. ఎందుకో చెప్తా.

పొద్దున నువ్వు ధర్మవరం అంగళ్లన్నీ తిరిగొచ్చి నన్నొక మాట అడిగితివి. "తాతా, వందల ఏండ్ల కిందట పెళ్లికూతుర్లు ఎట్లాంటి చీర కట్టుకుంటాండిరి? నా పెళ్లికి అట్లాంటిది కావాల" అని. అంగట్లోవాళ్లు ఏ చీర ఇప్పినా ఇది పాతకాలం డిజైనే అంటాండారంట. నేనప్పుడు జవాబు చెప్పలేదు. లోపలికి పోయి, రేకు పెట్టె అడుగున ఉండే ఈ చుట్ట బయటికి తీసినా. ఇందులో ఉండేది పార్వతమ్మ పెళ్లి అలంకారం. బొమ్మ నాది కాదు. లేపాక్షి గుడి కప్పు మీద దగ్గర దగ్గర 500 ఏండ్ల కిందట ఎవరో చిత్రకారులు గీసినారు. నేను కింద పండుకోని చూసి, గళ్ల కాగితం మీదికి ఎత్తుకున్నా, అంతే.

నాకప్పుడు 16 ఏండ్లు. 1962. మా నాయనది గుంతమగ్గం. నాకు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవడం కంటే, మా మేస్త్రి దగ్గర గ్రాఫ్ గీయడం ఇష్టం. ఆ పని మీలో ఎవరూ చూసుండరు. చీర అంచులో ఒక హంస కావాలంటే, ముందు గళ్ల కాగితం మీద ఆ హంసను గీయాల. నిలువు గడి ఒక పడుగు పోగు, అడ్డ గడి ఒక పేక పోగు. యా గడి నింపితే అక్కడ జరీ పైకి తేలుతాది, యా గడి ఇడిస్తే అక్కడ పట్టు ఉంటాది. గీసింది అయిపోయినాక ఒక్కో వరసకు ఒక్కో అట్ట కొడతారు. నింపిన గడికి అట్టలో బెజ్జం. ఆ అట్టలన్నీ దారంతో దండ మాదిరి కట్టి, మగ్గం పైన జకార్డుకు తగిలిస్తే, మనిషి కాలు తొక్కినప్పుడల్లా ఒక్కో అట్ట తిరుగుతా ఉంటాది. హంస ముక్కు దగ్గర ఒక్క గడి తప్పుగా నింపితివా, చీర పొడుగునా ప్రతి హంసకూ ముక్కు వంకర పోతాది. అందుకే మా మేస్త్రి పెన్సిల్ పట్టుకున్నాడంటే పక్కనోళ్లను మాట్లాడనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆయన, "లేపాక్షికి పోదాం పద, అసలైన అంచులు అక్కడుండాయి" అన్నాడు. చద్ది మూట, గళ్ల కాగితాలు, నాలుగు పెన్సిళ్లు, ఒక అద్దం. అద్దం ఎందుకో నాకు అర్థం కాలేదు. ధర్మవరంలో బొగ్గు బండి ఎక్కినాము. అప్పుడు మనకు మీటర్‌గేజీ దోవ. పెనుకొండ దగ్గరికి వచ్చినాక మేస్త్రి కిటికీలోంచి కొండ చూపించి, "మనం చూడబోయే గుడి కట్టించినాయన ఈ ఊళ్లోనే ఉద్యోగం చేసినాడు" అన్నాడు. విరూపణ్ణ ఆయన పేరు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో ఖజానా చూసే అధికారి. అచ్యుతరాయలు 1529లో గద్దెనెక్కినాడు, 1542లో పోయినాడు. గుడిలో ఉండే శాసనాల్లో చానామటుకు 1530ల నాటివి. తమ్ముడు వీరణ్ణతో కలిసి తాబేలు వీపు మాదిరి ఉండే రాతిగుట్ట మీద ఆ గుడి కట్టించినాడు. కూర్మశైలం అంటారు దాన్ని.

హిందూపురంలో దిగి అక్కడ్నుంచి 15 కిలోమీటర్లు ఎద్దుల బండి మీద పోయినాము. ముందు నంది కనపడింది. ఒకటే రాయి, దగ్గర దగ్గర 30 అడుగుల పొడుగు. దాని మెడలో చెక్కిన గంటల పట్టెడ చూస్తా నేను అక్కడే నిలబడిపోతే, మేస్త్రి చెయ్యి పట్టుకోని గుడిలోకి లాక్కపోయినాడు. ఇప్పుడు కూడా మనవాళ్లు చానామంది నందిని చూస్తారు, ఏలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, ఏడు తలల నాగన్న దగ్గర ఫోటో దిగుతారు, బస్సెక్కుతారు. తల ఎత్తేవాళ్లు తక్కువ. నాట్యమండపం కప్పంతా బొమ్మలే అని ఎవరైనా చెప్తే తప్ప తెలీదు.

లోపల చీకటి. కాసేపు నాకేమీ కనపడలేదు. మేస్త్రి నన్ను వాకిట్లో ఎండలో నిలబెట్టి అద్దం చేతికిచ్చినాడు. ఎండను అద్దంలో పట్టి లోపలి కప్పు మీదికి తిప్పమన్నాడు. తిప్పినా. చేటంత వెలుగు పోయి కప్పు మీద పడింది. ఆ వెలుగులో ఒక ఆడమనిషి కన్ను, చెంప, చెవికమ్మ కనపడినాయి. కొంచెం జరిపినా, జడకొప్పు. ఇంకొంచెం జరిపినా, చీర చారలు. ఎవరో నన్ను చూస్తాండారు అనిపించి నా చెయ్యి వణికింది, కప్పు మీద వెలుగూ వణికింది. నాకిప్పుడు 80కి దగ్గర పడతాండాయి పాపా, ఆ వెలుగు నేనింకా మర్చిపోలేదు.

అది గిరిజా కల్యాణం. పార్వతిని పెళ్లికి సింగారిస్తా చుట్టూ చెలికత్తెలు నిలబడి ఉంటారు. ఇంకో పక్క పెళ్లి, దేవతలంతా వచ్చి ఉంటారు. ఆ కప్పు మీదనే ద్రౌపది స్వయంవరం ఉండాది, కిరాతార్జునుల కొట్లాట ఉండాది, రాములవారి పట్టాభిషేకం ఉండాది. ఇంగా లోపలికి పోతే 24 అడుగుల పొడుగు, 14 అడుగుల వెడల్పున వీరభద్రస్వామి. అవన్నీ గొప్పవే. మా మేస్త్రి మాత్రం పార్వతి చెలికత్తెల కింద తువ్వాలు పరిచి, "ఇక్కడ పండుకో, ఒక్కో చీరా లెక్కపెట్టు" అన్నాడు.

పండుకోని చూస్తే కదా తెలిసేది! పక్కపక్కన నిలబడిన ఆడోళ్లు, ఒకరి చీర మాదిరి ఇంకొకరిది లేదు. ఒకామెకు అడ్డ చారలు. ఒకామెకు గళ్లు. ఇంకొకామెకు చిన్న చిన్న పువ్వులు చల్లినట్టు. తీగలు, హంసలు, చుక్కలు. కుచ్చిళ్లు ముందరికి విసనకర్ర మాదిరి ఇచ్చుకోని ఉంటాయి. కొంగు చివర గాలికి లేచినట్టు మొన తేలి ఉంటాది, అంత గట్టిగా నిలబడిందంటే అంచు బరువైందని మేస్త్రి చెప్పినాడు. తల మీద ముసుగు లేదు. ఎందుకు ఏసుకుంటారు, అంత పెద్ద కొప్పు, పూలు, నగలు పెట్టుకోని! మొహాలన్నీ పక్కకు తిరిగి ఉంటాయి, కన్ను మాత్రం పెద్దగా, చేప మాదిరి.

గీసినోళ్ల పని ఎట్లుండాదో కూడా మేస్త్రి చూపించినాడు. రాయి మీద సున్నపు గార పూసినారు. దాని మీద ముందు ఎర్రగా గీత గీసుకున్నారు. లోపల రంగులు నింపినారు. ఆఖర్న నల్లగీతతో అంచు కట్టినారు. చీర మడత, గాజు, గోరు, అన్నిటికీ ఆ నల్లగీతే ప్రాణం. రంగులు చూస్తే జేగురు ఎరుపు, పసుపుమన్ను, ఆకుపచ్చ, సున్నం తెలుపు, మసి నలుపు. నీలం కోసం నేను మధ్యాన్నమంతా ఎతికినా, కనపడలేదు. "నీలిమందు చీరలు ఆ కాలంలో లేవా?" అని అడిగితే మేస్త్రి, "చీరల్లో ఎందుకుండవురా, ఈ గోడ రంగుల్లో లేదు. బొమ్మ నమూనా చెప్తాది, అద్దకం రంగు చెప్పదు. అది గుర్తుపెట్టుకో" అన్నాడు. పాపా, నీకూ అదే చెప్తాండా. అంగట్లో ఎవడైనా విజయనగరం రాణులు ఇదే రంగు కట్టినారని చెప్తే నమ్మాకు. ఆ రంగు ఎట్లుండెనో ఈ కప్పు చెప్పదు. చార ఎంత ఎడంగా ఉండాది, అంచు ఎంత వెడల్పు, కొంగు యాడికి దిగింది, ఇవి చెప్తాది. వాటికి సాక్ష్యం ఉండాది.

ఇంకొక సంగతి. అదే గుడిలో కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణ తమ పరివారంతో సామికి దండం పెడతా ఉంటారు. వాళ్ల తలల మీద పొడుగాటి కుల్లాయిలు ఉంటాయి. ఒంటి మీద పలచటి తెల్లబట్ట, లోపలి మనిషి కనపడేంత పలచన. విజయనగరం కొలువులో మొగోళ్లు కబాయి తొడిగి, కుల్లాయి పెట్టి పోవాల్సిందే. ఆ రెండు మాటలూ మనవి కావు. కబాయి అరబ్బు మాట, కుల్లాయి పారశీకం. సుల్తానుల కొలువుల నుంచి కుట్టిన బట్ట వచ్చి మన మొగోళ్ల ఒంటి మీద కూర్చుంది. పార్వతి, చెలికత్తెలు మాత్రం చీరలోనే ఉండారు. మగ్గం మీద నుంచి దిగిన బట్ట దిగినట్టే ఒంటికి చుట్టుకోని. ఇన్ని కాలాలు మారినా, రేపు మాఘంలో నువ్వు పీటల మీద కూర్చునేదీ అట్లాంటి బట్టలోనే కదా. నాకు ఆ మాట తలచుకుంటేనే ఒళ్లు పులకరిస్తాది.

సాయంత్రం మేస్త్రి నన్ను గుడి ఎనక్కి తీసుకపోయినాడు. అక్కడ శివపార్వతుల పెళ్లి కోసమనే చెక్కిన కల్యాణమండపం ఉండాది. స్తంభాల మీద పెళ్లికి వచ్చిన దేవతలు, ఋషులు నిలబడి ఉంటారు. పైన కప్పు లేదు. ఖజానా డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టినాడని రాజుకు కోపమొస్తే, విరూపణ్ణ తన కండ్లు తనే పీకి గోడకేసి కొట్టుకున్నాడని, అందుకే పని ఆడికి ఆగిందని ఊళ్లో చెప్తారు. గోడ మీద ఎర్రమరకలు చూపిస్తారు. కథ నిజమో కాదో గాని, మండపం సగంలో ఆగింది మాత్రం నిజం. రాతిలో ఆగిపోయిన పెళ్లి లోపల రంగుల్లో నిండుగా జరుగుతాండాది. ఆ పక్కనే లతామండపం. దాని స్తంభాలకు నాలుగు దిక్కులా తీగలు, పక్షులు, పువ్వులు, గళ్లు, ఒకదాని మాదిరి ఇంకొకటి లేకుండా చెక్కినారు. లేపాక్షి అంచు, లేపాక్షి బుటా అని అంగళ్లల్లో అమ్మేవాటికి చానామటుకు మూలం అవే. మేస్త్రి అక్కడ కాగితం రాయికి ఆనించి పెన్సిల్ రుద్దలేదు. రాయి అరుగుతాదని చూసే గీసినాడు, నన్నూ అట్లనే గీయమన్నాడు.

మూడు రోజులుంటిమి. రాత్రిళ్లు సత్రం అరుగు మీద ఇట్లనే మంటేసుకోని, పగలు గీసినవి సరిచూసుకుంటాంటిమి. నా మెడ పట్టేసి వారం రోజులు తిరగలేదు. తిరిగొచ్చినాక అందులో ఒక అంచును, రెండు తీగల నడుమ హంస ఉండేదాన్ని, గడులు లెక్కేసి గ్రాఫ్‌కు ఎక్కించినా. అదే ఈ చుట్టలో రెండో కాగితం. తియ్యి, చూపించు. నిదానంగా. మడత కాడ చినిగింది, గంజి పెట్టి అతికించినా. చూసినారా, మూలన పసుపు మరక ఉండాది కదా? అది మీ అవ్వ చెయ్యి.

1970లో మా పెళ్లి. పెళ్లికి ఆర్నెల్ల ముందు నుంచి, కూలి చీరలు నేసినాక రాత్రిపూట ఆ అంచుతో ఒక చీర నేసినాము, నేనూ మా నాయనా. రెండు పక్కల అంచులకు రెండు నాడెలు, ఒంటికి ఒక నాడె. ఒంటి నేత ఒకరు, పక్కన కూర్చోని అంచు నాడె ఇసిరేవాళ్లు ఇంకొకరు. ఒళ్లు పసుపు, అంచు ఎరుపు, జరీ హంసలు. తలంబ్రాల కాడ మీ అవ్వ మధుపర్కాల తెల్లచీరలోనే ఉన్నింది, అది మన ఆచారం. అప్పగింతల కాడ ఈ చీర కట్టుకుంది. మా మేస్త్రి పందిట్లో అందరి ముందర వంగి ఆ అంచు పట్టుకోని చూసి, "కప్పు మీది నుంచి దిగొచ్చింది" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఒకర్ని మెచ్చుకున్నోడు కాదు.

ఆ చీర ఏమైందని అడుగుతారు కదా. చెప్తా. అవ్వా, నువ్వు లోపలికి పోతావా? వద్దా. సరే.

మీ నాయన చిన్నప్పుడు వరసగా రెండేండ్లు వాన రాలేదు. మగ్గాలు ఆగినాయి. పట్టు తెచ్చిచ్చేవాళ్లు రాలేదు. అప్పుడు ఊళ్లల్లో ఒకాయన తిరిగేవాడు, పాత పట్టుచీరలు కొంటాం అని కేకేసుకుంటా. ఆయనకు చీర అక్కర్లేదు. జరీ కావాల. ఆ రోజుల జరీ అంటే పట్టుపోగు మీద ఎండిరేకు చుట్టి, బంగారం పూత ఏసింది. చీర కాలిస్తే పట్టు బూడిదవుతాది, ఎండి మిగులుతాది. మీ అవ్వే పెట్టె తెరిచి చీర బయటికి తెచ్చింది. పిల్లోళ్లకు జొన్నలు కావాల కదా. ఆయన జరీ మంచిదా కాదా చూడాలని కొంగు కొసన జానెడు చించి, మా వాకిట్లోనే ఇనప మూకుట్లో పెట్టి నిప్పంటించినాడు. ఎంట్రుకలు కాలిన వాసన. పట్టు కాలితే అట్లనే ఉంటాది. మంట ఆరినాక మూకుట్లో బూడిద నడుమ నల్లగా ముడుచుకుపోయిన తీగె ముద్ద. అది మా హంస. తూకమేసి డబ్బులిచ్చి, మిగిలిన చీర మడిచి సంచిలో ఏసుకోని పోయినాడు. ఆ డబ్బుతో నెలకు సరిపడా జొన్నలు తెచ్చినాము. మీ అవ్వ ఆ రోజు ఏడ్వలేదు. రాత్రి నేను ఈ గ్రాఫ్ తీసి పెట్టెలో అడుగున పెడతాంటే, పసుపు నూరుతాండే చేత్తో వచ్చి ఒకసారి దాన్ని తడిమి పోయింది. ఆ మరక అదే.

మన ఊళ్లల్లో ఎన్ని పెళ్లిచీరలు అట్ల కాలిపోయినాయో! తాతల కాలపు చీరలు, అత్తలు కోడండ్లకిచ్చినవి, అన్నీ. మిగిలినవి పురుగు తిన్నాయి, మడతల్లో చీలినాయి. విజయనగరం కాలపు చీర ఒక్కటి కూడా నా కంటితో నేను చూడలేదు. దాని బొమ్మ మాత్రం లేపాక్షిలో చూసినా. ఎవరో పేరు తెలీని చిత్రకారుడు దేవుని పెళ్లి గీస్తా, పక్కన నిలబడిన చెలికత్తె చీర చారలు కూడా ఓపిగ్గా గీసి పెట్టినాడు కాబట్టి ఈ రోజు నేను నీకు చెప్పగలుగుతాండా.

నాలుగేండ్ల కిందట మీ నాయన కారులో మళ్లా తీసుకపోయినాడు కదా. 2022లో ఆ గుడి పేరు యునెస్కో తాత్కాలిక జాబితాలో ఎక్కిందని అక్కడివాళ్లు సంతోషంగా చెప్పినారు. నాకూ సంతోషమే. లోపలికి పోయి అదే చోట నిలబడినా. పండుకోవడానికి నడుము ఒప్పుకోలేదు. నా కాగితం మీద ఉండే గీతల్లో కొన్ని పైన మసకబారినాయి. తేమ, పొగ, గబ్బిలాలు, కాలం. ఒక పిల్లోడు ఫోన్ లైటు పైకి ఏసి పదే పదే ఫోటో తీస్తాంటే, "నాయనా, లైటు వద్దు, కన్ను కొంచెంసేపు చీకట్లో ఉంచు, అదే కనపడుతాది" అని చెప్పినా. ఆర్పినాడు. కాసేపటికి, "అబ్బా, ఆమె చీర చూడు" అని వాళ్లమ్మకు చూపిస్తాండె. చానా మంచి పిల్లోడు.

ఇప్పుడు కంప్యూటర్లో డిజైన్ గీస్తాండారు, అట్టలే లేని జకార్డులు వచ్చినాయి. రానీ, మంచిదే, మెడ నొప్పులు తగ్గుతాయి. గీసేవాడు ముందు పోయి చూడాల, అంతే నేను అడిగేది. పెళ్లి పత్రికల మీదా పుస్తకాల్లోనూ పాతకాలం పెళ్లికూతురని గీసే బొమ్మల్లో ఎక్కడిదో ముసుగు ఏస్తారు, నిన్న మొన్నటి కుచ్చిళ్లు పెడతారు. హిందూపురం పక్కనే అంత సాక్ష్యం ఉండగా ఎందుకట్ల?

సరే, మంట తగ్గుతాండాది. పాపా, నీ చీర సంగతి. రంగు నీ ఇష్టం, నీకు నప్పేది తీసుకో. అంచుకు ఈ గ్రాఫ్ తీసుకపో, నేసేవాళ్లను నేను మాట్లాడతా, రెండు నెలల పని, పెళ్లికి అందదు. అప్పగింతలకు కాకపోతే మొదటి పండగకు కట్టుకో. అది చేతికి వచ్చినాక, కట్టుకునే ముందు ఒక పొద్దు నా దగ్గర కూర్చో. నా చేతులు వణుకుతాండాయి, పెన్సిల్ నువ్వు పట్టుకో, నేను గడులు లెక్క చెప్తా. మూరెడు అంచు, జానెడు కొంగు గీసి, తారీకు ఏసి, ఈ చుట్టలోనే పెట్టు.